రెండు కోర్సులు వాడినా హెచ్. పైలోరీ పోలేదు. మూడోసారి ఏం వాడాలి?

తెల్లారిందాకా | 1వ రోజు, రాత్రి 11:52

నమస్తే అండి. ఇన్నాళ్లూ ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప రాసింది లేదు. ఇవాళ రాయక తప్పట్లేదు.

ఏడాదిగా పొట్ట పైభాగంలో మంట. తెల్లవారుజామున మూడింటికల్లా నొప్పితో మెలకువ వచ్చేస్తుంది, ఇక నిద్ర ఉండదు (నా పేరు చూశారుగా). ఎండోస్కోపీ చేస్తే చిన్నపేగు మొదట్లో పుండు ఉందన్నారు. బయాప్సీలో (అక్కడి ముక్క తీసి చూసే పరీక్ష) హెచ్. పైలోరీ అనే బ్యాక్టీరియా తేలింది. 14 రోజులకి క్లారిత్రోమైసిన్, అమోక్సిసిలిన్ అని రెండు యాంటీబయాటిక్స్, ఆమ్లం తగ్గడానికి పాంటోప్రజోల్ ఇచ్చారు. ఫోన్లో అలారం పెట్టుకుని మరీ వేసుకున్నాను. నెలన్నర ఆగి, క్రిమి పోయిందో లేదో చూసే శ్వాస పరీక్ష చేయిస్తే పాజిటివ్.

ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్లాను. "కోర్సు సరిగ్గా పడి ఉండదు" అని అమోక్సిసిలిన్ తీసేసి మెట్రోనిడజోల్ పెట్టారు, క్లారిత్రోమైసిన్ మాత్రం అలాగే ఉంచారు. ఇంకో 14 రోజులు. మళ్లీ పాజిటివ్.

ఇప్పుడు మూడో కోర్సు అంటున్నారు. మందులంటేనే భయం పట్టుకుంది. ఇలా రెండుసార్లు ఫెయిలైన వాళ్లు ఎవరైనా ఉన్నారా? నా ఒంటికి యాంటీబయాటిక్స్ అలవాటైపోయి పనిచేయట్లేదా?

నిక్కచ్చి | 2వ రోజు, ఉదయం 6:15

ఏమీ అనుకోకండి, మొహం మీదే అడుగుతున్నాను. నిజంగా ఒక్క పూట కూడా మానలేదా? మా ఇంట్లో ఒకరు ఇలాగే ప్రమాణాలు చేశారు. తీరా చూస్తే సొరుగులో ఐదు మాత్రలు. ఈ జబ్బులో సగం ఫెయిల్యూర్లు మనుషులవే, మందులవి కావు.

తెల్లారిందాకా | 2వ రోజు, ఉదయం 7:40

మానలేదండి. ఖాళీ స్ట్రిప్పులు కూడా దాచాను, మీలాంటి వాళ్లు అడుగుతారనే.

ల్యాబ్‌బల్ల | 2వ రోజు, ఉదయం 9:05

నేను మైక్రోబయాలజీ ల్యాబ్‌లో పనిచేస్తాను, డాక్టర్ని కాదు. ఆ హద్దులో ఉండే చెప్తాను.

ముందు మీ చివరి ప్రశ్న. అలవాటు పడింది మీ ఒళ్లు కాదు, ఆ క్రిమి. మీరు పుట్టాక ఒక్క యాంటీబయాటిక్ కూడా వాడకపోయినా, మీకు అంటుకున్న క్రిమి అప్పటికే నిరోధకత తెచ్చుకుని ఉండొచ్చు. నిరోధకత మనిషిది కాదు, బ్యాక్టీరియాది.

ఇక క్లారిత్రోమైసిన్ సంగతి. బ్యాక్టీరియా లోపల ప్రోటీన్లు తయారుచేసే యంత్రం ఒకటుంటుంది, రైబోజోమ్ అంటారు. ఈ మందు వెళ్లి ఆ యంత్రంలో ఒక సందులో ఇరుక్కుంటుంది, పని ఆగిపోతుంది. ఆ సందును తయారుచేసే జన్యువులో 2142 లేదా 2143 స్థానంలో ఒక్క అక్షరం మారితే చాలు, మందు అక్కడ కూర్చోలేదు. హెచ్. పైలోరీ జన్యుపటం మొత్తం 1997లో చదివారు, దాదాపు 16.7 లక్షల అక్షరాలు. మీ రెండు కోర్సులు దండగ కావడానికి అందులో ఒక్క అక్షరం సరిపోతుంది.

ఇలాంటి మార్పు వచ్చిన క్రిమికి క్లారిత్రోమైసిన్ డోసు పెంచినా, రోజులు పెంచినా లాభం ఉండదు. అందుకే మీ రెండో చీటీ చూసి నాకు బాధేసింది. ఒకసారి ఓడిపోయిన క్లారిత్రోమైసిన్‌ని మళ్లీ వాడకూడదన్నది ఈ జబ్బులో అందరూ ఒప్పుకునే కొద్ది విషయాల్లో ఒకటి.

@నిక్కచ్చి, మాత్రలు మానేయడం ఒక కారణమే, కాదనను. కానీ క్లారిత్రోమైసిన్‌కి లొంగని హెచ్. పైలోరీని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లోనే కొత్త మందులు అత్యవసరమైన బ్యాక్టీరియాల జాబితాలో పెట్టింది. అంతా రోగి బద్ధకమే అయితే ఆ జాబితా అక్కర్లేదు.

గణితం | 2వ రోజు, ఉదయం 10:30

ఒక అక్షరం మారడం అంటే ఎప్పుడో లక్షకో కోటికో జరిగే పొరపాటు కదా? మరి ఇంతమందిలో ఎలా వచ్చింది?

ల్యాబ్‌బల్ల | 2వ రోజు, మధ్యాహ్నం 1:20

పొరపాటు అరుదే, క్రిములే కోట్లు. కోట్లలో ఒకదానికి పుట్టుకతోనే ఆ అక్షరం తప్పుపడి ఉంటుంది. మామూలప్పుడు దానికి ప్రత్యేకమైన లాభం ఏమీ లేదు, గుంపులో గోవిందయ్యలా పడి ఉంటుంది. మందు వచ్చి మిగతావాటిని ఊడ్చేశాక ఖాళీ అయిన చోటంతా దానిదే. వారాలు తిరిగేసరికి కడుపంతా దాని పిల్లలే.

పైగా ఈ క్రిమికి పక్క క్రిమి చచ్చి వదిలిన డీఎన్ఏ ముక్కల్ని లోపలికి లాక్కునే గుణం ఉంది. ఒకే కడుపులో లొంగే రకం, లొంగని రకం కలిసి కాపురం చేస్తుండటం కూడా చూస్తుంటాం. అందుకే ఒక్కచోట కాకుండా కడుపు కింది భాగం నుంచి ఒకటి, పై భాగం నుంచి ఒకటి ముక్క తీసి పంపమంటారు.

మందులచీటీ | 2వ రోజు, రాత్రి 8:10

ఫార్మసిస్టుని. @తెల్లారిందాకా గారూ, ఒక పని చేయండి. గత ఐదారేళ్లలో ఏ జబ్బుకైనా సరే, వాడిన యాంటీబయాటిక్స్ అన్నీ ఒక కాగితం మీద రాయండి. గొంతు నొప్పికి, పంటికి, మూత్రంలో మంటకి, విరేచనాలకి, అన్నిటికీ. ముఖ్యంగా అజిత్రోమైసిన్ ఎన్నిసార్లు వేసుకున్నారో చూడండి.

ఎందుకంటే అజిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ ఒక ఇంటి మందులే, కూర్చునే సందు ఒకటే. మూడు రోజులు అజిత్రోమైసిన్ మింగితే హెచ్. పైలోరీ పోదు, కానీ ఇందాక ల్యాబ్‌బల్ల గారు చెప్పిన ఏరివేత మాత్రం జరిగిపోతుంది. గొంతు కోసం వేసుకున్న మాత్ర కడుపులో ఉన్న క్రిమికి పాఠం చెప్పి పోయినట్టు. లొంగని రకం అలా ఏళ్ల ముందే తయారై కూర్చుంటుంది.

తెల్లారిందాకా | 3వ రోజు, రాత్రి 12:35

రెండు గంటలు పట్టింది. బీరువాలో ఒక ప్లాస్టిక్ కవరు నిండా పాత చీటీలు, కొన్నిటి మీద ఇంకు కూడా వెలిసిపోయింది. మిగతావి ఫోన్లో ఫోటోలు.

ఆరేళ్లలో: అజిత్రోమైసిన్ 5 సార్లు. అందులో రెండుసార్లు చీటీయే లేదు, "పోయినసారి తగ్గింది కదా" అని నేనే కొనుక్కున్నాను. పన్ను పీకించుకున్నప్పుడు మెట్రోనిడజోల్, విరేచనాలకి ఇంకోసారి మెట్రోనిడజోల్. మూత్రం ఇన్ఫెక్షన్‌కి సిప్రోఫ్లోక్సాసిన్ ఒకసారి, లెవోఫ్లోక్సాసిన్ ఒకసారి. అమోక్సిసిలిన్ మొన్నటి కోర్సులో తప్ప ఎప్పుడూ లేదు.

కాగితం మీద ఒకటి కింద ఒకటి చూసేసరికి సిగ్గేసింది. ప్రతిదీ అప్పటికప్పుడు చిన్న విషయమే.

మందులచీటీ | 3వ రోజు, ఉదయం 8:00

సిగ్గుపడాల్సిందేం లేదమ్మా. ఇంత నిజాయితీగా రాసిచ్చిన వాళ్లని నేను తక్కువ చూశాను.

ఈ కాగితాన్ని ఇప్పుడు మందుల వైపు నుంచి చదువుదాం. క్లారిత్రోమైసిన్: అయిపోయింది, మర్చిపోండి. లెవోఫ్లోక్సాసిన్: ఆ కుటుంబాన్ని రెండుసార్లు వాడారు (సిప్రోఫ్లోక్సాసిన్ కూడా అందులోదే), నమ్మకం లేదు. పైగా కండర బంధనాలకి, నరాలకి, గుండె లయకి ఇబ్బంది తెచ్చే మందు, పరీక్ష లేకుండా ఊరికే వాడేది కాదు. మెట్రోనిడజోల్: అనుమానమే, కానీ దాని కథ వేరు. అమోక్సిసిలిన్: హెచ్. పైలోరీ దీనికి ఎదురుతిరగడం అరుదు. ఒకసారి ఫెయిలైన కోర్సులో ఉన్నా మళ్లీ వాడొచ్చు. టెట్రాసైక్లిన్: అదీ అంతే, అరుదు. బిస్మత్: ఇది యాంటీబయాటిక్ కాదు, లోహపు లవణం. దీనికి క్రిమి నిరోధకత తెచ్చుకోవడమన్నది దాదాపు లేదు.

ఇంతకీ మీరు డాక్టర్‌కి చూపించాల్సింది ఎండోస్కోపీ రిపోర్టు ఒక్కటే కాదు, ఈ కాగితం కూడా.

గణితం | 3వ రోజు, ఉదయం 8:45

మెట్రోనిడజోల్ కథ వేరు అన్నారు. ఏమిటది?

ల్యాబ్‌బల్ల | 3వ రోజు, మధ్యాహ్నం 2:10

అది నాకిష్టమైన కథ, నేను చెప్తాను.

మెట్రోనిడజోల్ డబ్బాలో ఉన్నప్పుడు విషం కాదు. క్రిమి లోపలికి వెళ్లాక, క్రిమి తన సొంత ఎంజైముతో దాన్ని మార్చుకుంటేనే విషమవుతుంది. అంటే తన ఉరితాడు తనే పేనుకోవాలి. ఆ ఎంజైము జన్యువు చెడిపోయిన క్రిమి లోపల మందు మందుగా మారదు. కానీ అలా మార్చగల ఎంజైములు ఇంకా ఒకటీ అరా ఉంటాయి, అవి మెల్లగా పనిచేస్తాయి. అందుకని డోసు బాగా ఇచ్చి, 14 రోజులు లాగి, బిస్మత్ తోడు పెడితే, ల్యాబ్‌లో "లొంగదు" అని వచ్చిన క్రిమి కూడా కడుపులో చాలాసార్లు చస్తుంది. క్లారిత్రోమైసిన్ విషయంలో ఇలా ఉండదు.

మా బల్ల మీద ఇది ఎలా కనిపిస్తుందంటే, ప్లేటు మీద క్రిమిని పూసి, మందు పట్టించిన సన్నటి ప్లాస్టిక్ పట్టీ పెడతాం. పట్టీకి ఒక చివర మందు ఎక్కువ, రెండో చివర తక్కువ. లొంగే క్రిమి అయితే పట్టీ చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో ఖాళీ ఏర్పడుతుంది. మొండి రకం అయితే ఖాళీ ఉండదు. పట్టీ అంచుని ఆనుకుని, 256 అంకె ఉన్న కొసదాకా, నీటి తుంపర్లలా మెరుస్తూ బుల్లి బుల్లి కాలనీలు, అంటే క్రిముల గుంపులు. ఆ ప్లేటు చేతిలో పట్టుకుంటే ఎవరి కడుపోగానీ పాపం అనిపిస్తుంది.

వానచినుకు | 3వ రోజు, సాయంత్రం 5:30

ఇన్ని విషాలు మింగే బదులు రోగనిరోధక శక్తి పెంచుకుంటే క్రిమి అదే పోతుంది కదా? యాంటీబయాటిక్సే సమస్య అని మీరే ఒప్పుకుంటున్నారు.

ల్యాబ్‌బల్ల | 3వ రోజు, సాయంత్రం 6:00

పోదండి. రక్త పరీక్షలో ఈ క్రిమి మీద యాంటీబాడీలు దొరుకుతాయి, అంటే శరీరం గట్టిగానే పోరాడుతోంది. అయినా అది దశాబ్దాల తరబడి ఉంటుంది. యూరియా నుంచి అమ్మోనియా తయారుచేసుకుని తన చుట్టూ ఆమ్లాన్ని చల్లారుస్తుంది. స్క్రూలా మెలికలు తిరిగిన ఒళ్లు, వెనక తోకలు, వాటితో జిగట పొరలోకి దూరి కూర్చుంటుంది. మన సైన్యం అక్కడిదాకా వెళ్లలేదు.

వానచినుకు | 3వ రోజు, సాయంత్రం 6:20

మరి లోకంలో సగం మంది కడుపుల్లో ఉంటుందంటారు, వాళ్లందరూ బాగానే ఉన్నారుగా. వదిలేస్తే ఏమవుతుంది?

మందులచీటీ | 3వ రోజు, రాత్రి 9:15

ఇది న్యాయమైన ప్రశ్నే. చాలామందికి ఏమీ కాదు. కొందరికి పుండ్లు పడతాయి, నూటికి ఒకరి నుంచి ముగ్గురికి జీవితకాలంలో కడుపు క్యాన్సర్ రావచ్చంటారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల మొదటి గుంపులో చేర్చింది. తెల్లారిందాకా గారికి ఇప్పటికే పుండు ఉంది. క్రిమిని ఉంచితే పుండు మానినా మళ్లీ వస్తుంది, రక్తం పోయే ప్రమాదం ఉంటుంది. ఆమె విషయంలో వదిలేయడం అన్న మాటే లేదు.

నల్లనాలుక | 4వ రోజు, ఉదయం 5:50

చెల్లెమ్మా, నేనూ రెండు కోర్సులు ఫెయిలైనవాడినే. మూడోసారి బిస్మత్‌తో నాలుగు మందుల కోర్సు, 14 రోజులు. పోయింది. మూడేళ్లయింది, మళ్లీ రాలేదు. నా పేరు ఎందుకు అలా పెట్టుకున్నానో ఆ కోర్సు మొదలుపెట్టిన మూడో రోజు అద్దంలో తెలుస్తుంది.

ల్యాబ్‌బల్ల | 4వ రోజు, ఉదయం 9:30

నన్నడిగితే ముందు కల్చర్ చేయించమంటాను, అంటే కడుపు ముక్కలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి మందులతో పరీక్షించడం. రెండుసార్లు ఫెయిలయ్యాక మూడోసారి చీకట్లో రాయి వేయడం ఎందుకు? ఏ మందుకి లొంగుతుందో చూసి ఇస్తే మిగతావి అనవసరంగా ఖర్చు కావు.

ఒప్పుకోవాల్సింది కూడా ఉంది. ఈ క్రిమిని పెంచడం మహా కష్టం. గాలిలో ఉన్నంత ఆక్సిజన్ తట్టుకోలేదు, 5 శాతం చాలు దానికి. ముక్కని చల్లగా, ప్రత్యేకమైన ద్రవంలో, ఒక రోజు లోపలే మా దగ్గరికి చేర్చాలి. పెరగడానికి మూడు రోజుల నుంచి వారం, ఇంకా ఎక్కువ కూడా. అసలు దీన్ని మొదట పట్టుకున్నదే అలా. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్‌లు పంపిన నమూనాల ప్లేట్లని ల్యాబ్‌లో రెండు రోజులు చూసి పారేస్తూ వచ్చారు, ఏమీ పెరగట్లేదని. 1982లో ఈస్టర్ సెలవులొచ్చి ప్లేట్లు ఇంక్యుబేటర్‌లో ఉండిపోయాయి. తిరిగొచ్చి చూస్తే కాలనీలు. 2005లో ఇద్దరికీ నోబెల్.

మందులచీటీ | 4వ రోజు, ఉదయం 11:00

నేనొప్పుకోను. కల్చర్ కోసం ఆమెకి ఇంకోసారి ఎండోస్కోపీ కావాలి. తీసిన ముక్కలో క్రిమి పెరగకపోతే? మీరే చెప్పారు, పెరగడం కష్టమని. ఆమె ఇంతవరకూ బిస్మత్ కోర్సు ముట్టుకోలేదు. క్లారిత్రోమైసిన్‌కి లొంగకపోయినా ఆ కోర్సుకి లెక్క లేదు, అందులో ఆ మందే లేదు. అది కూడా ఫెయిలైతే అప్పుడు కల్చర్ అడగడం సబబు. 2024లో వచ్చిన అమెరికన్ గ్యాస్ట్రోఎంటరాలజీ మార్గదర్శకాలైతే ఏ పరీక్షా లేనప్పుడు మొదటిసారికే ఈ కోర్సు ఇమ్మంటున్నాయి.

ల్యాబ్‌బల్ల | 4వ రోజు, ఉదయం 11:25

అందరూ ఇలా "పరీక్ష తర్వాత చూద్దాం" అనబట్టే ఏ ప్రాంతంలో ఏ మందు పనిచేస్తోందో ఎవరి దగ్గరా లెక్క ఉండట్లేదు. క్లారిత్రోమైసిన్ నిరోధకత 15 శాతం దాటిన చోట పరీక్ష లేకుండా, ఈమె మొదట వాడిన లాంటి మూడు మందుల కోర్సు ఇవ్వొద్దని మార్గదర్శకాలు ఎప్పటినుంచో చెప్తున్నాయి. ఎంత శాతముందో కొలిస్తే కదా, దాటిందో లేదో తెలిసేది. ఇప్పుడు మలం నమూనాతో పీసీఆర్ (క్రిమి జన్యువుని చూసే పరీక్ష) చేసి క్లారిత్రోమైసిన్ మార్పు ఉందో లేదో చెప్పే పరీక్షలు కూడా వచ్చాయి, దానికి ఎండోస్కోపీ అక్కర్లేదు.

కానీ ఈమె ఒక్కరి విషయంలో మీ మాట తప్పని అనను. క్లారిత్రోమైసిన్ సంగతి పీసీఆర్ లేకుండానే తెలిసిపోయింది.

తెల్లారిందాకా | 9వ రోజు, రాత్రి 10:20

కొత్త డాక్టర్‌ని కలిశాను. కాగితం ఇచ్చాను. ఆవిడ దాన్ని రిపోర్టుల కంటే ఎక్కువసేపు చదివారు. బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, పాంటోప్రజోల్ బదులు ఎసోమెప్రజోల్. రోజుకి 14 మాత్రలు, 14 రోజులు.

ఒక చిక్కు. టెట్రాసైక్లిన్ దొరకట్లేదు. డాక్సీసైక్లిన్ ఇస్తాం, రెండూ ఒకటే అంటున్నారు. తీసుకోనా?

మందులచీటీ | 9వ రోజు, రాత్రి 10:31

వద్దు! ఒక కుటుంబమే కానీ ఈ పనికి రెండూ ఒకటి కావు. డాక్సీసైక్లిన్ పెట్టిన కోర్సుల ఫలితాలు అంత బాగా లేవు. ఇంకో నాలుగు చోట్ల అడగండి, నాలుగు రోజులు ఆలస్యమైనా పర్వాలేదు. అసలే దొరక్కపోతే డాక్టర్‌కి ఫోన్ చేయండి. టెట్రాసైక్లిన్ బదులు అమోక్సిసిలిన్ పెట్టే పద్ధతి ఉంది. మార్చేది ఆవిడే, మీరూ నేనూ కాదు.

గణితం | 9వ రోజు, రాత్రి 10:50

14 × 14 = 196 మాత్రలు. ఆల్ ది బెస్ట్ మేడమ్.

తెల్లారిందాకా | 12వ రోజు, సాయంత్రం 7:15

దొరికింది. రేపు మొదలు. ఏం జాగ్రత్తలు?

నల్లనాలుక | 12వ రోజు, రాత్రి 8:40

నోట్లో ఇనప మేకు పెట్టుకున్నట్టు రుచి, అది మెట్రోనిడజోల్. నాలుక నల్లబడుతుంది, మలం నల్లగా వస్తుంది, అది బిస్మత్. కంగారు పడొద్దు. కానీ తారులా జిగటగా, భరించలేని వాసనతో వస్తే, కళ్లు తిరిగితే అది మందు రంగు కాదు, పుండు నుంచి రక్తం. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

మద్యం తాగే అలవాటుంటే కోర్సులోనూ, అయ్యాక మూడు రోజులూ ముట్టొద్దు. అలవాటు లేదనే అనుకుంటున్నా, అయినా చెప్పాలి కదా.

మందులచీటీ | 12వ రోజు, రాత్రి 9:05

టెట్రాసైక్లిన్‌కి పాల పదార్థాలు, కాల్షియం, ఐరన్ మాత్రలు పడవు, మందుని కట్టిపడేస్తాయి. రెండు గంటలైనా ఎడం ఉండాలి. గ్లాసుడు నీళ్లతో వేసుకుని, వెంటనే పడుకోకండి, గొంతులో అతుక్కుంటే అక్కడే పుండు చేస్తుంది. ఎండలో ఎక్కువ తిరగొద్దు.

ఎసోమెప్రజోల్ తిండికి అరగంట ముందు. ఇది పక్క మందు అనుకుని నిర్లక్ష్యం చేస్తారు గానీ, ఆమ్లం తగ్గకపోతే కొన్ని యాంటీబయాటిక్స్ నిలబడవు. అదీకాక, ఆమ్లం ఎక్కువున్నప్పుడు ఈ క్రిమి విభజన మానేసి ముడుచుకుని పడుకుంటుంది. అమోక్సిసిలిన్ లాంటివి విభజన జరిగే క్రిమినే చంపుతాయి. జన్యువులో ఏ మార్పూ లేకుండానే మందుకి లొంగనట్టు కనిపించడానికి ఇదొక కారణం. కొందరి కాలేయం పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివాటిని మరీ తొందరగా కరిగించేస్తుంది, వాళ్లకి ఆమ్లం సరిగ్గా తగ్గదు. మీ మందు మార్చడం వెనక అదే ఆలోచన ఉండి ఉండొచ్చు. కొన్ని దేశాల్లో వొనోప్రజాన్ అనే కొత్త రకం వాడుతున్నారు, అది ఇంకా గట్టిగా ఆమ్లాన్ని ఆపుతుంది.

తెల్లారిందాకా | 21వ రోజు, తెల్లవారుజామున 3:25

తొమ్మిదో రోజు. నిద్ర లేదు, ఈసారి నొప్పితో కాదు, వికారంతో. సాయంత్రం మాత్రలు వేసుకున్న పది నిమిషాలకే వాంతి అయింది. సింకులో ఒక మాత్ర అలాగే, రంగు కూడా కరగకుండా కనిపించింది. దాన్ని చూస్తూ నిలబడిపోయాను. మళ్లీ వేసుకోవాలా, అలా వదిలేయాలా? ఇంకో ఐదు రోజులు నావల్ల కాదేమో. ఇక్కడితో ఆపేస్తే తొమ్మిది రోజులకైనా ఏదో ఒక ఫలితం ఉంటుందా?

నల్లనాలుక | 21వ రోజు, తెల్లవారుజామున 3:41

నేనూ మేలుకునే ఉన్నా. ఆపొద్దు చెల్లెమ్మా. పొద్దున్నే డాక్టర్‌కి ఫోన్ చేసి వికారం తగ్గే మాత్ర అడుగు. నాకూ ఎనిమిదో రోజు ఇలాగే అయింది, ఆ మాత్ర పడ్డాక గట్టెక్కాను. మెట్రోనిడజోల్ తిన్న వెంటనే వేసుకో, ఖాళీ కడుపున వద్దు.

మందులచీటీ | 21వ రోజు, ఉదయం 6:30

ఇప్పుడే చూశాను. మాత్ర అలాగే బయటికొచ్చిందంటే అది లెక్కలోకి రాలేదు. అయినా మీ అంతట మీరు మళ్లీ వేసుకోవద్దు, డాక్టర్‌ని అడగండి. ఒక్క పూట పోయినందుకు కోర్సు పాడైపోదు. మధ్యలో ఆపేస్తే మాత్రం, ఇప్పటిదాకా బతికిన క్రిములకి మెట్రోనిడజోల్ రుచి చూపించి వదిలినట్టవుతుంది.

నిక్కచ్చి | 21వ రోజు, ఉదయం 7:10

మొదటి రోజు నేను అన్నమాట వెనక్కి తీసుకుంటున్నాను. సొరుగులో మాత్రలు దాచేవాళ్లు తెల్లవారుజామున మూడింటికి సింకు ముందు నిలబడి ఇలా అడగరు. పూర్తి చేయండి.

తెల్లారిందాకా | 27వ రోజు, రాత్రి 9:00

196లో 193. మూడు పోయాయి. అయిపోయింది.

గణితం | 27వ రోజు, రాత్రి 9:04

98.5 శాతం. నా స్టూడెంట్లలో ఎవరికీ రాలేదు.

తెల్లారిందాకా | 46వ రోజు, మధ్యాహ్నం 12:15

ఇంకో టెన్షన్. శ్వాస పరీక్షకి రెండు వారాల ముందు ఎసోమెప్రజోల్ ఆపమన్నారు, ఆపాను. రెండో రోజు నుంచే మంట మొదటికొచ్చింది. క్రిమి పోలేదనేగా అర్థం? రక్త పరీక్ష చేయించుకుంటే ఇప్పుడే తెలిసిపోతుంది కదా?

ల్యాబ్‌బల్ల | 46వ రోజు, మధ్యాహ్నం 1:30

కంగారు పడకండి. ఆ మాత్ర వారాల తరబడి వాడి ఆపితే ఆమ్లం ఒక్కసారిగా పొంగుతుంది, క్రిమి లేనివాళ్లకి కూడా. మంటని బట్టి ఏమీ చెప్పలేం. భరించలేకపోతే మామూలు యాంటాసిడ్ వాడొచ్చేమో డాక్టర్‌ని అడగండి, బిస్మత్ ఉన్నది మాత్రం కాదు.

రక్త పరీక్ష వద్దే వద్దు. క్రిమి చచ్చినా యాంటీబాడీలు నెలలు, ఏళ్లు మిగిలే ఉంటాయి, పాజిటివ్ చూసి నాలుగో కోర్సు మొదలుపెట్టేస్తారు. యాంటీబయాటిక్స్, బిస్మత్ ఆపి నాలుగు వారాలు, ఎసోమెప్రజోల్ లాంటిది ఆపి రెండు వారాలు కావాలి. అంతకు ముందే ఊదితే క్రిమి అణిగి ఉండి నెగటివ్ వస్తుంది. ఆ అబద్ధపు నెగటివ్ ఇంకా ప్రమాదం.

తెల్లారిందాకా | 61వ రోజు, సాయంత్రం 6:48

ఇవాళ పరీక్ష. ఒక సంచీలో ఊదాను, కార్బన్-13 ఉన్న యూరియా కలిపిన నీళ్లు తాగించారు, అరగంట కుర్చీలో కూర్చోబెట్టి ఇంకో సంచీలో ఊదించారు. క్రిమి ఉంటే ఆ యూరియాని విరిచేస్తుంది, ఆ కార్బన్ ఊపిరిలో బయటికొస్తుందని అక్కడి అమ్మాయి చెప్పింది. నాకు అప్పటికే కంఠతా వచ్చు, అయినా విన్నాను.

హద్దు 4, అది దాటితే పాజిటివ్. మొదటి కోర్సు తర్వాత నాది 19, రెండో దాని తర్వాత 22.

ఇవాళ 0.7.

నల్లనాలుక | 61వ రోజు, సాయంత్రం 6:50

అబ్బా! ఇక పేరు మార్చుకో చెల్లెమ్మా.

మందులచీటీ | 61వ రోజు, రాత్రి 8:05

చాలా సంతోషం అమ్మా. పుండు మానిందో లేదో డాక్టర్ చెప్పినప్పుడు చూపించుకోండి, అది వేరే లెక్క. ఆ కాగితం కింద ఈ మూడు కోర్సులు కూడా, తేదీలతో, రాసి పెట్టండి.

ల్యాబ్‌బల్ల | 61వ రోజు, రాత్రి 8:30

సంతోషం. మీ క్రిమిని ప్లేటు మీద చూసే అవకాశం నాకు దొరకలేదు, అదొక్కటే లోటు.

తెల్లారిందాకా | 61వ రోజు, రాత్రి 9:12

ఒక చివరి ప్రశ్న. ఇంట్లో వాళ్ల నుంచి మళ్లీ నాకు వస్తుందా?

ల్యాబ్‌బల్ల | 61వ రోజు, రాత్రి 9:40

పెద్దయ్యాక కొత్తగా అంటుకోవడం తక్కువ, ఇది ఎక్కువగా చిన్నప్పుడే ఇంట్లో వాళ్ల నుంచి వచ్చే క్రిమి. ఏడాది లోపల మళ్లీ కనిపిస్తే చాలాసార్లు అది కొత్తది కాదు, చావకుండా దాక్కున్న పాతదే. ఇంట్లో పెద్దవాళ్లకి పరీక్ష చేయించాలా అన్నది మీ డాక్టర్‌తో మాట్లాడండి. చేయిస్తే వాళ్ల చీటీలు కూడా ముందే తీసి పెట్టుకోండి.

నిక్కచ్చి | 62వ రోజు, ఉదయం 6:20

నిన్న రాత్రి మా ఇంట్లో సొరుగు తీశాను. అజిత్రోమైసిన్ స్ట్రిప్పులు రెండు, ఒక్కోదాంట్లో ఒక్కో మాత్ర మిగిలి ఉంది. అవి నావే. ఎప్పటివో గుర్తు లేదు. @మందులచీటీ గారూ, గుర్తు లేనివి ఎలా రాయాలి?

మందులచీటీ | 62వ రోజు, ఉదయం 7:55

స్ట్రిప్పు వెనకాల తయారీ తేదీ ఉంటుంది, చూడండి. ఏ సంవత్సరం అన్నది దాన్ని బట్టి సుమారుగా వస్తుంది.